కోర్టు తీర్పు లేకుండా బ్రిటిష్ ప్రభుత్వం మనిషిని దేశం దాటించగలిగేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అమ్మమ్మగారి తండ్రిని బ్రిటిష్‌వాళ్లు "కేసూ కోర్టూ లేకుండా ద్వీపాంతరం పంపేశారు" అని ఇంట్లో చెప్పుకుంటారు. అలా పంపే అధికారం వాళ్లకు నిజంగా ఉండేదా, ఉంటే ఏ చట్టం కింద, ఆ కాగితాలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయా? తిలక్‌నీ లాలా లజపతిరాయ్‌నీ ఇద్దర్నీ బర్మాలోని మాండలేకే పంపారు కదా, ఆ రెండూ ఒకటేనా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. కోర్టు ప్రమేయం లేకుండా మనిషిని పట్టుకుని, సొంత ప్రాంతానికి దూరంగా ఎంతకాలమైనా ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉండేది. బెంగాల్లో 1818 నాటి మూడో రెగ్యులేషన్ (కంపెనీ కాలపు చట్టాన్ని అలా అనేవారు), మన మద్రాసు ప్రెసిడెన్సీలో 1819 నాటి రెండో రెగ్యులేషన్, బొంబాయిలో 1827 నాటి ఇరవై అయిదో రెగ్యులేషన్ ఆ అధికారాన్ని ఇచ్చాయి. అయితే మీవాళ్లు చెప్పేది అండమాన్ అయితే, నేను చూసిన ఫైళ్లను బట్టి అది దాదాపు ఖాయంగా కోర్టు వేసిన శిక్షే. మాండలే సంగతి: తిలక్ వెళ్లింది శిక్ష మీద, లజపతిరాయ్ వెళ్లింది వారంటు మీద. ఊరు ఒకటే, చట్టాలు వేరు. కాబట్టి మనిషిని ఎక్కడికి పంపారన్నది చూసి ఏమీ తేల్చలేం. ఆ కాగితం మీద సంతకం జడ్జిదా, ప్రభుత్వ కార్యదర్శిదా అన్నదే చూడాలి.

నేను వృత్తిరీత్యా వకీలుని. పాత ఆస్తి తగాదాల కోసం ఆర్కైవ్స్‌కి వెళ్లడం మొదలుపెట్టి, ఆ తర్వాత మీలాంటి కుటుంబాల కోసం ఇలాంటి ఫైళ్లు వెతకడం అలవాటైపోయింది. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

వారంటు దారి

1818 రెగ్యులేషన్ చాలా చిన్నది, ఓపికుంటే అరగంటలో చదివేయొచ్చు. ఎవరినైనా కోర్టులో నిలబెట్టడానికి తగిన సాక్ష్యం లేకపోయినా, లేదా కేసు పెట్టడం ప్రభుత్వానికి మంచిది కాదనిపించినా, "రాజ్య కారణాల" మీద నిర్బంధించవచ్చని అది మొదట్లోనే ఒప్పుకుంటుంది. విదేశాలతో సంబంధాలు, సంస్థానాల్లో శాంతి, దేశం లోపల అల్లర్లు ఇవీ ఆ కారణాలు. పట్టుకున్న మనిషి నేరస్తుడు కాడు, ‘స్టేట్ ప్రిజనర్’.

వారంటు నమూనా కూడా రెగ్యులేషన్లోనే ఇచ్చారు. అది కోటకో జైలుకో అధికారిగా ఉన్నవాడికి రాసే ఉత్తరం. సారాంశం ఇంతే: తగినన్ని మంచి కారణాలు ఉన్నందున ఫలానా వ్యక్తిని ఫలానా చోట నిర్బంధంలో ఉంచాలని గవర్నర్ జనరల్ కౌన్సిలు నిర్ణయించింది, అతన్ని నీ అధీనంలోకి తీసుకో. ఏం చేశాడో అందులో ఉండదు. ఏ సెక్షనో ఉండదు. ఎన్నాళ్లో కూడా ఉండదు. కింద ప్రభుత్వ కార్యదర్శి సంతకం. మొదటిసారి చూసినప్పుడు మిగతా పేజీ ఎక్కడో పోయిందేమో అనిపిస్తుంది. పోలేదు, అంతే కాగితం.

1930 మే నెలలో అర్ధరాత్రి దాటాక గుజరాత్‌లోని కరాడీలో గాంధీజీని నిద్రలేపి చదివి వినిపించింది కూడా ఇలాంటిదే. అది బొంబాయి రెగ్యులేషన్ కింద ఇచ్చిన వారంటు: గాంధీ కార్యకలాపాలను గవర్నర్ కౌన్సిలు ఆందోళనతో చూస్తోంది, కాబట్టి ప్రభుత్వానికి ఇష్టమైనంత కాలం నిర్బంధం, వెంటనే యెరవాడ జైలుకు తరలింపు. ఉప్పు చట్టం ఉల్లంఘించినందుకు కేసు పెట్టే వీలున్నా పెట్టలేదు. కేసు పెడితే ఆయన కోర్టులో మాట్లాడతారు. 1922లో రాజద్రోహం కేసులో అహ్మదాబాద్ కోర్టులో మాట్లాడితే ఆ మాటలు ఎంత దూరం పాకాయో వాళ్లకు బాగా గుర్తుంది.

లజపతిరాయ్ విషయంలో పంజాబ్‌లో కాలనీల బిల్లు మీదా, కాలువ నీటి శిస్తు పెంపు మీదా రైతుల ఆందోళన జరుగుతోంది. 1907 మే 9న లాహోర్‌లో ఆయన్ని పట్టుకుని మాండలే చేర్చారు. తర్వాత ఆ ఆందోళనలోనే ఉన్న మరో నాయకుడు అజిత్ సింగ్‌ని కూడా అక్కడికే పంపారు. నా మీద ఆరోపణ ఏమిటని అడిగితే జవాబు లేదు. నవంబరులో, పట్టుకున్నప్పుడు ఎలా కారణం చెప్పలేదో అలాగే కారణం చెప్పకుండా వదిలేశారు. దీనికి ఒక తోక ఉంది. ఆయన సైనికుల విధేయతను చెడగొట్టారని కలకత్తాలో ఒక ఇంగ్లీషు పత్రిక రాస్తే, దాని మీద పరువునష్టం దావా వేసి హైకోర్టులో నష్టపరిహారానికి తీర్పు తెచ్చుకున్నారు. తనను పంపేసిన ప్రభుత్వాన్ని కోర్టుకు లాగలేని మనిషి, ఆ ప్రభుత్వాన్ని సమర్థించిన పత్రికను లాగగలిగాడు. ఈ రెగ్యులేషన్ ఎలాంటిదో చెప్పడానికి నేను జూనియర్లకు ఎప్పుడూ ఈ ఉదాహరణే ఇస్తాను.

1908 డిసెంబరులో బెంగాల్ నుంచి అశ్వినీ కుమార్ దత్తా, కృష్ణ కుమార్ మిత్రా సహా తొమ్మిది మందిని ఇలాగే పంపారు. లండన్‌లో భారత మంత్రిగా ఉన్న మోర్లీకి ఇది మింగుడుపడలేదు. పార్లమెంటులో సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే కదా. వైస్రాయ్ మింటోతో ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. చివరికి 1910 ఫిబ్రవరిలో వాళ్లను వదిలారు. అంటే ఆచరణలో ఈ అధికారానికి ఉన్న అడ్డు కోర్టు కాదు, లండన్ నుంచి వచ్చే ఒత్తిడి.

కోర్టుకు ఎందుకు వెళ్లలేకపోయారు?

వెళ్లారు. 1870లో అమీర్ ఖాన్ అనే వ్యాపారి తరఫున కలకత్తా హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెచ్చి కారణం చూపమనే పిటిషన్) వేశారు. బ్రిటిష్ పాలన మీద పోరాడుతున్న వహాబీ ముస్లింలకు సాయం చేశాడన్న అనుమానం మీద ఆయన్ని 1818 రెగ్యులేషన్ కింద పట్టుకున్నారు. జస్టిస్ నార్మన్ పిటిషన్ కొట్టేశారు. రెగ్యులేషన్ చెల్లుతుందన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం సందేహానికి తావు లేకుండా చేసుకుంది: 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో హైకోర్టులకు హెబియస్ కార్పస్ తరహా అధికారం ఇచ్చే 491వ సెక్షన్ ఉండేది. దాని మూడో ఉపసెక్షన్ బెంగాల్, మద్రాసు, బొంబాయి రెగ్యులేషన్లనూ, 1850, 1858 నాటి స్టేట్ ప్రిజనర్ల చట్టాలనూ పేర్లు పెట్టి మరీ మినహాయించింది. ఒక చేత్తో ఇచ్చి, మరో చేత్తో తీసుకోవడం.

దీనితో పోల్చడానికి పక్కనే సింహళంలో (ఇప్పటి శ్రీలంకలో) మంచి కేసు ఉంది. 1937లో బ్రేస్‌గర్డిల్ అనే తెల్ల కుర్రాడు టీ తోటలో పని నేర్చుకోవడానికి వచ్చి, తోట కూలీల పక్షాన సభల్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. గవర్నర్ స్టబ్స్ రెండు రోజుల్లో ద్వీపం విడిచి పొమ్మని ఉత్తర్వు ఇచ్చాడు. కుర్రాడు పోలేదు, అజ్ఞాతంలోకి వెళ్లి కొలంబోలో గాల్ ఫేస్ మైదానంలో జరిగిన సభలో తేలాడు. పట్టుకున్నాక సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. గవర్నర్ వాడుకున్న 1896 ఆర్డర్ అత్యవసర పరిస్థితి కోసం పెట్టింది, దేశం ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒకడి ఉపన్యాసాలు నచ్చలేదని దాన్ని వాడటానికి వీల్లేదన్నది తీర్పు సారం. అంతకు ముందు 1931లో నైజీరియాకు చెందిన ఎలెకో కేసులో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ (వలసల కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు) కూడా ఇలాంటి మాటే చెప్పింది. పదవి పోయిన స్థానిక పెద్దను ఊరు విడిచి పొమ్మని గవర్నర్ అంటే, చట్టంలో చెప్పిన షరతులు నిజంగా ఉన్నాయో లేదో కోర్టు చూడాల్సిందే అని.

తేడా అంతా చట్టంలో రాసిన మాటల్లోనే ఉంది. సింహళంలో ‘అత్యవసర పరిస్థితి’ అన్నది కోర్టు బయటికి చూసి ఉందో లేదో తేల్చగలిగే విషయం. 1818 రెగ్యులేషన్లో షరతు ‘ప్రభుత్వం తగిన కారణాలు ఉన్నాయనుకోవడం’. అది ప్రభుత్వం మనసులో ఉండేది. దాన్ని ఏ కోర్టు కొలుస్తుంది?

శిక్ష దారి

ఇది పూర్తిగా వేరు. 1860 ఇండియన్ పీనల్ కోడ్‌లో ద్వీపాంతరవాసం ఒక శిక్షగా ఉండేది. రాజు మీద యుద్ధం చేసినందుకు 121వ సెక్షన్, రాజద్రోహానికి 124ఏ, హత్యకు 302, ఇలా చాలా చోట్ల ఉండేది. ఏడేళ్లో ఆపైనో జైలు పడే నేరాలకు జైలు బదులు ద్వీపాంతరం వేసే వీలు 59వ సెక్షన్ ఇచ్చింది. అందుకే దేశభక్తులే కాదు, బందిపోట్లు, హంతకులు కూడా అదే ఓడ ఎక్కారు. ఈ మాట కొన్ని కుటుంబాలకు నచ్చదు, కానీ ముందే చెప్పడం నా బాధ్యత.

చాలామందిని తికమక పెట్టేది ఇంకోటుంది. తీర్పులో ఎక్కడికి పంపాలో రాయకూడదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 368వ సెక్షనే అలా ఆంక్ష పెట్టింది. జడ్జి ద్వీపాంతరం అని వదిలేస్తాడు, చోటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కాబట్టి తీర్పు నకలు దొరికి, అందులో అండమాన్ అన్న మాట లేదని నిరాశపడకండి. ఉండదు.

దీనివల్ల జరిగిన విచిత్రాలు తిలక్, చిదంబరం పిళ్లై కేసుల్లో కనబడతాయి. 1908 జూలైలో బొంబాయి హైకోర్టులో జ్యూరీ 7-2 తేడాతో తిలక్‌ని దోషి అంది, జస్టిస్ దావర్ ఆరేళ్ల ద్వీపాంతరం వేశారు. ప్రభుత్వం దాన్ని సాధారణ జైలుగా మార్చి మాండలేలో ఉంచింది. అదే ఏడాది తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ నడిపిన చిదంబరం పిళ్లైకి తిరునెల్వేలి సెషన్స్ కోర్టు యావజ్జీవ ద్వీపాంతరం వేసింది, మద్రాసు హైకోర్టు తగ్గించింది. ఆయన శిక్ష అనుభవించింది కోయంబత్తూరు, కన్ననూరు జైళ్లలో. ద్వీపాంతరం పడినవాడు సముద్రం దాటలేదు. మీ ఇంట్లో ‘ద్వీపాంతరం’ అన్న మాట నిలిచిపోయినంత మాత్రాన అండమాన్ రిజిస్టర్లలో పేరు ఉండి తీరాలని లేదు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఏళ్ల తరబడి పోర్ట్‌బ్లెయిర్‌కి ఉత్తరాలు రాసింది. వాళ్ల పెద్దాయన పేరు చివరికి కన్ననూరు జైలు కాగితాల్లో దొరికింది.

మన వైపు నుంచి నిజంగా అండమాన్ చేరినవాళ్లు తక్కువేం కాదు. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్ అక్కడే కన్నుమూశారు. ఆయనతో పాటు నడిచిన తుర్రేబాజ్ ఖాన్‌కీ అదే శిక్ష పడింది, కానీ ఓడ ఎక్కకముందే తప్పించుకుని తూప్రాన్ దగ్గర తూటాకు బలయ్యారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు మరణశిక్ష ద్వీపాంతరంగా మారింది. ఆయన అండమాన్ నుంచి తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మీ కుటుంబం మన్యం వైపుదైతే ఒక జాగ్రత్త. గంజాం, విశాఖ ఏజెన్సీల్లో 1839 నాటి ఇరవై నాలుగో చట్టం మామూలు కోర్టుల అధికారాన్ని తీసేసింది. కలెక్టరే గవర్నర్ ఏజెంటుగా అక్కడ సివిల్, క్రిమినల్ అధికారాలు చూసేవాడు. పితూరీ (తిరుగుబాటు) అణిచినవాడూ, విచారణ జరిపినవాడూ ఒకే కచేరీ మనుషులన్న మాట. "కోర్టు లేకుండా పంపేశారు" అని మన్యం కుటుంబాలు చెప్పుకోవడంలో అబద్ధమేమీ లేదు. వాళ్ల కళ్లకు అది కోర్టులా కనబడి ఉండదు. కానీ కాగితం మీద అది శిక్షే. జిల్లా కోర్టు రికార్డుల్లో దొరకదు, ఏజెంటు రికార్డుల్లో వెతకాలి.

ఇంకా రెండు మూడు దారులు

1864 విదేశీయుల చట్టం కింద విదేశీయుణ్ణి బ్రిటిష్ ఇండియా వదిలి పొమ్మనే వీలుండేది. ఆ చట్టం మాటలను బట్టి చూస్తే నిజాం రాజ్యంలో పుట్టినవాడు కూడా బెజవాడలో విదేశీయుడే. అటు నుంచి ఇటు కూడా జరిగేది: సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను చాందా రైలు పథకం మీద గొడవలో 1883లో హైదరాబాద్ రాజ్యం నుంచి పంపేశారు. అది నిజాం ప్రభుత్వ ఉత్తర్వు, బ్రిటిష్ చట్టం కాదు. కుటుంబ కథల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి.

తెల్లవాళ్లకూ మినహాయింపు లేదు. కంపెనీ కాలంలో దేశంలో ఉండటానికి లైసెన్సు కావాలి. దాన్ని రద్దు చేసి 1823లో కలకత్తా సంపాదకుడు బకింగ్‌హామ్‌ని ఇంగ్లండుకు పంపేశారు. 1919 ఏప్రిల్‌లో బాంబే క్రానికల్ సంపాదకుడు హార్నిమన్‌ని భారత రక్షణ నిబంధనల కింద ఓడ ఎక్కించారు.

రంగూన్ సంగతి వేరే చెప్పాలి. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి బర్మాకు కూలికి వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ 1920ల నడుమ నేరస్తుల బహిష్కరణ చట్టం ఒకటి వచ్చింది. బర్మీయులు కానివాళ్లకు శిక్ష పడితే బర్మా నుంచే వెళ్లగొట్టడానికి పెట్టింది. ఒక ఇంట్లో "రంగూన్ ద్వీపాంతరం" అని చెప్పుకునే కథ తవ్వితే, ఆ తాతగారిని రంగూన్‌కి పంపలేదు, రంగూన్ నుంచి కాకినాడకు పంపేశారు!

కాగితాలు ఎక్కడ

వారంటు దారి అయితే మీకు అనుకూలమైన విషయం ఒకటుంది. స్టేట్ ప్రిజనర్ ప్రవర్తన, ఆరోగ్యం, సౌకర్యాల మీద ఏటా జనవరి 1న, జూలై 1న నివేదిక పంపాలని రెగ్యులేషనే చెప్పింది. ఖైదీకీ అతని కుటుంబానికీ హోదాకు తగిన భత్యం ఇవ్వాలి, అది చాలుతోందో లేదో రాయాలి. భూములు జప్తు చేసే అధికారం కూడా ఉంది, కోర్టు డిక్రీ అక్కర్లేదు. 1897లో పుణెలో నాతూ సోదరుల ఆస్తులు అలాగే జప్తు చేశారు. కాబట్టి ఇంట్లో పాత భూమి కాగితాల్లో కలెక్టరు జప్తు, ‘సర్కారు భత్యం’ లాంటివి కనబడితే వారంటు కేసు అయ్యే అవకాశం ఎక్కువ. నేను కథలు వినే ముందు పట్టాలూ రసీదులూ అడిగేది అందుకే. ఇవి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో జ్యుడీషియల్, పబ్లిక్ శాఖల ఫైళ్లలోనూ, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ హోం పొలిటికల్ ఫైళ్లలోనూ వెతకాలి. ఢిల్లీవి కొన్ని అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్లో ఇంటి నుంచే చూడొచ్చు. పేరుకు ఇంగ్లీషు స్పెల్లింగు నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి, గుమాస్తాలు ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు.

శిక్ష దారి అయితే సెషన్స్ తీర్పు, హైకోర్టు అప్పీలు, ఆపైన నేషనల్ ఆర్కైవ్స్‌లో హోం శాఖ పోర్ట్‌బ్లెయిర్ విభాగం ఫైళ్లు. అండమాన్‌లో ఖైదీల మెడలో చెక్క బిళ్ల ఉండేది. దాని మీద నంబరు, సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల తేదీ చెక్కేవారు. ఇంట్లో ఎవరికైనా ఆ నంబరు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. సెక్షను నంబరు తెలిసినా చాలు. వారంటు మీద వెళ్లినవాడికి సెక్షనే ఉండదు కాబట్టి, ‘302’ అనో ‘121’ అనో ఇంట్లో ఎవరైనా అంటే వారంటు సంగతి మర్చిపోయి నేరుగా తీర్పు వెతకండి.

నిజాం ప్రాంతం అయితే ముందు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. అక్కడి పాత కాగితాలు చాలా వరకు పర్షియన్, ఉర్దూలో ఉంటాయి, చదివే మనిషిని వెంట తీసుకెళ్లండి.

మీరు పేరు, ఊరు, అప్పటి తాలూకా, సుమారు ఏ ఏడాదో రాస్తే ఏ దారో కొంత అంచనా వేయగలను. ముఖ్యంగా, పంపేశాక మీ ఇంటికి భత్యం వచ్చేదా, లేక భూమి మొత్తం పోయిందా అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చెప్పండి.